నవ్వొద్దు, అడ్రసు చెప్పండి

ఒక్క మనిషి నిలబడి పది పాత్రలు ఆడితే చూడ్డం విజయనగరానికి కొత్త కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ఏలిన ఊరిది. ఆ ధైర్యంతోనే కాబోలు, చీపురుపల్లి వైపు గుంటడొకడు సెల్‌ఫోను ముందు నిలబడి రోగీ తానే, రోగి పెళ్లామూ తానే, పసరు వైద్యుడూ తానే అయి ఒక వీడియో తీసి వదిలాడు. జనం పడీ పడీ నవ్వుతారనుకున్నాడు. జనం అడ్రసు అడిగారు.

వీడియోలో కథ చిన్నదే. నడుంనొప్పి మనిషి పెద్దాసుపత్రికి వెళ్తాడు. పొద్దంతా చీటీకి లైను, లోపల మాత్రం డాక్టరు తలెత్తేలోపే మాత్రలు రాయడం అయిపోతుంది. అక్కణ్నుంచి పసరాయన దగ్గరికి. ఆయన చాప వేసి కూర్చోబెడతాడు. ఏ ఊరు, ఎవరి మనవడివి, రాత్రి ఏం తిన్నావు, ఎవరితో తగువు పడ్డావు, అన్నీ అడుగుతాడు. (నిజం చెప్పొద్దూ, ఆ వైద్యంలో పనిచేసే మందు ఆ చాపే.) ఏడు రకాల ఆకులిచ్చి, తెల్లకోడి మొహం చూడొద్దని పథ్యం పెడతాడు. నొప్పి తగ్గలేదని రోగి మళ్లీ వస్తాడు.

"తెల్లకోడిని గానీ సూసినావేటి?"

"ఎదురింటోళ్ల కోడి మా అరుగెక్కినాది బావూ."

"అదీ సంగతి!"

ఇంత పకడ్బందీ శాస్త్రం అల్లోపతికి ఎక్కడుంది? అక్కడ రోగం తగ్గకపోతే మందును అనుమానిస్తారు. ఇక్కడ కోడిని. నాకు తెలిసిన ఒక పెద్దావిడ వీడియో రెండుసార్లు చూసి, ఆ గుంటడికే ఫోను చేయించింది: "ఆ ఏడాకులూ ఏటేటో సెప్పకుండా ఆపీసినావేటి నాయినా?"

పసరు గొప్పదనానికి సాక్షి కావాలంటే కామెర్లున్నాయి. హెపటైటిస్ ఎ వైరస్ తెచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ వారాల్లోనే పసరు, ఉప్పులేని పథ్యం, దక్షిణ కూడా పూర్తవుతాయి. వైరస్ చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది, పేరు పసరుకొస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి పచ్చబడినవాడు కూడా ఆ పసరే తాగుతాడు. అతనికి తగ్గదు, కానీ తర్వాత సాక్ష్యం చెప్పడానికి అతనుండాలి కదా.

ఇలాంటి మందుల ప్రకటనలను ఆపడానికి 1954లో చట్టం చేశారు. మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ సహా 54 జబ్బుల జాబితా జతచేసి, వీటిని నయం చేస్తామని ప్రచారం చెయ్యకూడదన్నారు. మన గోడల మీది పోస్టర్లు చూస్తే, వాళ్లు ఆ జాబితాను సిలబస్ అనుకున్నట్టుంది.

ఊరూరా కిడ్నీ జబ్బున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం దగ్గర మాత్రం నాకు వెటకారం రాదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఇంటి పేరు తర్వాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతో అడుగుతారు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. జబ్బెందుకొస్తోందో ఇంకా తేలలేదని పరిశోధకులు ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోలే పసరాయనకు పెట్టుబడి, ఎందుకంటే ఆయనకు అన్నీ తెలుసు. సీసం, పాదరసం కలిసిన భస్మాలూ కొన్ని రకాల మూలికలూ కిడ్నీనే దెబ్బతీస్తాయన్న సంగతి తప్ప. ఒళ్లునొప్పులకని కిరాణాకొట్లో కొని మింగే మాత్రల పనీ అదేననుకోండి, అవి అల్లోపతి ఖాతాలోవి.

ఫోన్లు తట్టుకోలేక గుంటడు వీడియో చివర ఒక ముక్క అతికించాడు: ఇది నవ్వుకోడానికే, జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లండి అని. దాంతో ఉన్న అనుమానం కూడా తీరిపోయింది. "పాపం, డాక్టర్లు బెదిరించీసినారు. ఎంత పవర్ లేకపోతే అలగ బెదిరిస్తారు?" అని ఇప్పుడు చీపురుపల్లి బస్సులో మాట.