గుండెకు పేరు, మీకు చాకిరీ: ఎండోథీలియం గారికి ఓ ఉత్తరం

మహారాజశ్రీ ఎండోథీలియం గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరాల ఆచారం. కానీ మొన్న రాత్రి ఇంట్లో బీపీ మిషన్ 148 మీద 94 చూపించింది. మనిద్దరిలో ఎవరి కుశలమూ చెప్పుకునేలా లేదు కాబట్టి ఆ ముక్క దాటేసి నేరుగా ఫిర్యాదులోకి వస్తున్నాను.

అసలు మీరనేవారు ఒకరున్నారని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ఇందులో నా తప్పేమీ లేదు. గుండె ఉందని అందరికీ తెలుసు, ఎందుకంటే అది కొట్టుకుంటుంది, చప్పుడు చేస్తుంది. మా భాషలో గుండె ఝల్లుమంటుంది, చెరువవుతుంది, బరువెక్కుతుంది, కావాలంటే దాన్ని రాయి చేసుకోవచ్చు, దాని మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. మీ పేరు మీద ఒక్క సామెత లేదు. ఉండటానికి మీరెంత గనక? ఒకే ఒక్క కణం మందం. చొక్కాకి లోపల కుట్టే లైనింగ్ గుడ్డలాగా రక్తనాళాలన్నిటికీ లోపలివైపు అతుక్కుని ఉంటారు. కవులు అంతగా పాడుకున్న ఆ గుండె గదులకు కూడా లోపల లైనింగు మీరేనట. కేశనాళికల దగ్గరికొచ్చేసరికి లైనింగూ మీరే, చొక్కా కూడా దాదాపు మీరే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

పోనీ చదువుకున్నవాళ్లయినా గుర్తించారా అంటే అదీ లేదు. పెన్సిలిన్‌ని మందుగా మార్చినవాళ్లలో ఒకడైన హోవార్డ్ ఫ్లోరీ 1966లో మీ గురించి రాస్తూ, అప్పటిదాకా మిమ్మల్ని కేంద్రకాలున్న సెల్లోఫేన్ కాగితంగానే చూశారన్నాడు. మిఠాయి చుట్టే కాగితం! మీరు ఏమీ అనలేదు. నా మొదటి ఫిర్యాదు అదే. ఇంత నోరులేనితనం ఒంటికి మంచిది కాదు. మీ ఒంటికి కాకపోతే నా ఒంటికి.

ఎందుకంటే మీ చేతిలో ఉన్న అధికారం చిన్నది కాదు. నాళంలో రక్తం పారడానికి ఎదురయ్యే అడ్డంకి, ఆ నాళం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. లెక్కలంటే భయపడేవాళ్ల కోసం చెబుతున్నాను: నాళం సగానికి సన్నబడితే అడ్డంకి రెండింతలు కాదు, పదహారింతలు. పదో వంతు సన్నబడితే చాలు, అదే ఒత్తిడిలో పారే రక్తం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. గోడలో ఉన్న నున్నటి కండరం కాస్త బిగిస్తే, కాస్త వదిలితే ఇంత తేడా. నరాలు, హార్మోన్లు కూడా ఆ కండరానికి ఆజ్ఞలు వేస్తాయి, కాదనను. కానీ దాని పక్కన కూర్చుని పూటపూటకీ చెవిలో ఊదేది మీరు.

ఊదడం అన్నమాట ఊరికే వాడలేదు. మీరు వాడేది నిజంగానే గ్యాసు. రక్తం మీ మీద ఒరుసుకుంటూ పోతుంది. ఆ రాపిడి తగిలినప్పుడు, లేదా బ్రాడికైనిన్ లాంటి రసాయనం తలుపు తట్టినప్పుడు, మీరు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసుకుని దానిలోంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తారు. అది గోడలోకి పాకి, కండర కణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే చీటీ రాయిస్తుంది. ఆ చీటీ అందగానే కణంలో కాల్షియం తగ్గి, కండరం పట్టు వదులుతుంది. నాళం విచ్చుకుంటుంది. గ్యాసు ఆయుష్షు కొన్ని సెకన్లే. పని చెప్పి పోతుంది, సాక్ష్యం మిగల్చదు. కార్ల పొగలోంచి వచ్చి ఊళ్ల గాలిని పాడుచేసే నైట్రిక్ ఆక్సైడూ ఇదీ ఒకటే అణువు. రోడ్డు మీద దాన్ని తిట్టుకుంటూ ముక్కు మూసుకుంటాం. లోపల మీరు ఊదడం మానేస్తే మా నాళాలు బిగుసుకుపోతాయి.

మీ ఉనికి ఎలా బయటపడిందో చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అని ఒక ఫార్మకాలజిస్టు ఉండేవాడు. కుందేలు బృహద్ధమనిని రిబ్బన్‌లా మెలికగా కోసి, ద్రావణంలో వేలాడదీసి, ఏ రసాయనానికి బిగుస్తుందో ఏ రసాయనానికి వదులవుతుందో చూడటం ఆయన పని. నరాలు కబుర్లు పంపడానికి వాడే అసిటైల్‌కోలీన్ అనే రసాయనం పోస్తే ఆ ముక్క బిగుసుకునేది. 1953లో అదే అచ్చేశాడు. చిక్కేమిటంటే, అదే అసిటైల్‌కోలీన్‌ని బతికున్న జంతువుకి ఎక్కిస్తే నాళాలు విచ్చుకుని బీపీ పడిపోయేది. బతికున్న నాళం ఒక మాట, కోసిన ముక్క ఒక మాట. పాతికేళ్లపాటు ఈ తగువు తేలలేదు.

1978లో సహాయకుడొకడు ఆయన చెప్పింది సరిగ్గా వినిపించుకోక ప్రయోగంలో ఒక మెట్టు తారుమారు చేశాడు. అప్పుడు పోసింది అసిటైల్‌కోలీన్‌కి వరసకు తమ్ముడయ్యే కార్బకాల్. బిగియాల్సిన ముక్క వదులైంది. ఇంకొకరైతే సహాయకుణ్ని నాలుగు తిట్టి, గాజుసామాను కడిగించి, మళ్లీ మొదలుపెట్టించేవారు. ఫర్చ్‌గాట్ ఆరా తీశాడు. తేలిందేమిటంటే, ఇన్నాళ్లూ ముక్కలు కోసేటప్పుడు లోపలివైపు వేలికో మరోదానికో రాసుకుపోయి మీరు ఊడిపోతున్నారు. ఈసారి ముక్కలు అలా రాసుకుపోలేదు. అంటే మిమ్మల్ని తుడిచేసి, మీరు లేని గోడని పట్టుకుని, గోడ స్వభావం ఇదీ అని పాతికేళ్లు నమ్మారన్నమాట. ఇంటావిడ ఊళ్లో లేనప్పుడు వచ్చి, ఈ ఇంట్లో వంట చేసే అలవాటు లేదని రాసుకుపోయినట్టుంది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి ప్రయోగం. మిమ్మల్ని గీకేసిన ఒక ముక్క, మీరున్న ఒక ముక్క తీసుకుని, లోపలివైపులు ఎదురెదురుగా ఆనేలా కలిపి పెట్టాడు. దానికి సాండ్‌విచ్ అని పేరు. అసిటైల్‌కోలీన్ పోస్తే, మీరు లేని ముక్క కూడా వదులైంది. పక్కింటి మీరు ఊదింది గోడ దాటి వెళ్లిందన్నమాట. 1980లో నేచర్ పత్రికలో ఈ సంగతి వచ్చింది. మీరు వదిలేదేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి ‘ఎండోథీలియం నుంచి పుట్టే సడలింపు కారకం’ అని పేరు పెట్టి, ఈడీఆర్‌ఎఫ్ అని పొట్టి చేశారు. దొంగ దొరకనప్పుడు ఎఫ్ఐఆర్‌లో గుర్తుతెలియని వ్యక్తి అని రాస్తారే, ఆ బాపతు. ఆ వ్యక్తి నైట్రిక్ ఆక్సైడేనని 1986లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో ఎవరికి వారు చెప్పారు. 1987లో సాల్వడార్ మోంకాడా బృందం కొలిచి చూపించింది. 1998లో నోబెల్ బహుమతి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు వచ్చింది. మోంకాడాకి రాలేదు. పని చేసీ ఫొటోలో లేకపోవడం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పాలా?

నోబెల్ అంటే గుర్తొచ్చింది. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డబ్బులో పెద్ద వాటా నైట్రోగ్లిజరిన్‌ని డైనమైట్‌గా మచ్చిక చేయడంలోంచి వచ్చింది. 1896లో, పోయే ముందు కొన్ని వారాలకి, గుండె జబ్బుకి డాక్టర్లు తనని అదే నైట్రోగ్లిజరిన్ మింగమంటున్నారని, జనం బెదరకుండా దానికి ట్రైనైట్రిన్ అని పేరు మార్చారని స్నేహితుడికి రాసుకున్నాడు. గుండెనొప్పికి దాన్ని వాడటం 1879 నుంచీ ఉంది. అది ఎలా పనిచేస్తుందో మాత్రం, ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌ని వదులుతుందని 1977లో మురాద్ చెప్పేదాకా అంతుపట్టలేదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర చేసేదల్లా, మీరు ఊదాల్సిన గ్యాసుని బయటినుంచి తెచ్చి అందించడం. మీరు పనిలోకి రానిరోజు కూలీని పెట్టుకున్నట్టు. అన్నట్టు మీరు రాయించే చీటీని చించేసే ఎంజైమ్ ఒకటుంది. దాని చెయ్యి పట్టుకుని ఆపే మాత్రని గుండెనొప్పికని పరీక్షిస్తే అది వేరే చోట గట్టిగా పనిచేసింది, 1998లో వయాగ్రాగా బజారుకొచ్చింది. ఆ మాత్రనీ నాలుక కింద మాత్రనీ కలిపి వేసుకుంటే బీపీ పాతాళానికి పడిపోతుంది. ఇది జోకు కాదు.

ఇక రెండో ఫిర్యాదు, మీ రెండు నాలుకల వ్యవహారం. వదులు చేయమని ఊదేదీ మీరే, బిగించమని చెప్పేదీ మీరే. 1988లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో మసాషి యానగిసావా బృందం పంది ధమని నుంచి తీసిన మీ కణాల్లోనే ఎండోథీలిన్‌ని పట్టుకుంది. ఇరవై ఒక్క అమైనో ఆమ్లాల గొలుసు. నాళాల్ని బిగించడంలో దాన్ని మించినవి మన ఒంట్లో అరుదు, పైగా ఒకసారి పట్టిందంటే చాలాసేపు వదలదు. దాని పోలికలు ఎక్కడ దొరికాయనుకున్నారు? అట్రాక్టాస్పిస్ అనే పాము విషంలో. అంటే ఇన్నేళ్లుగా నా నాళాల్లో పాము విషానికి చుట్టాన్ని పెంచుతున్నారు, మాటమాత్రం చెప్పకుండా. పైగా ఎక్కువ భాగాన్ని రక్తంలోకి కాకుండా వెనకవైపు, కండరం మీదికి వదులుతారట. అదే ఎండోథీలిన్ తిరిగి మీ మీదే ఉన్న వేరే తలుపు తట్టితే, మీరు మళ్లీ నైట్రిక్ ఆక్సైడ్ వదిలి కాస్త సర్దుకో అంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మీరు కప్పనీ పామునీ కూడా ఇంట్లోనే పెట్టుకుని కాపురం చేస్తున్నారు. ఎలాగో నాకు అర్థం కాదు.

ప్రోస్టాసైక్లిన్ గురించి క్లుప్తంగా. 1976లో దొరికిన ఈ పదార్థంతో మీరు నాళాన్ని వదులు చేస్తారు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తారు. ప్లేట్‌లెట్లు థ్రాంబాక్సేన్ అనే తమ సరుకుతో సరిగ్గా దీనికి వ్యతిరేకం చేస్తాయి. చిన్న మోతాదు ఆస్పిరిన్, ఈ సరుకులు తయారుచేయడానికి మీరిద్దరూ వాడే ఎంజైముని దెబ్బకొడుతుంది. కాకపోతే మీకు కేంద్రకం ఉంది, కొత్త ఎంజైమ్ చేసుకుంటారు. ప్లేట్‌లెట్‌కి లేదు, బతికినన్నాళ్లూ అంతే. ఆ సెల్లోఫేన్ వెక్కిరింపులో కేంద్రకం అనే మాట మాత్రం మీకు పనికొచ్చింది.

ఇప్పుడు నా సంగతికి వద్దాం. నిన్న డాక్టరు దగ్గర మిమ్మల్ని గట్టిగా నిలదీయాలనే వెళ్లాను. అన్నేళ్లు సిగరెట్లు కాల్చారు కదా అన్నారు. కాల్చాను. షుగరూ, కొలెస్టరాల్ కాగితాలు ముందు పెట్టుకుని తల ఊపారు. ఇవన్నీ కలిసి మీ దగ్గర సూపర్ఆక్సైడ్ అనే దుడుకు ఆక్సిజన్ రూపాన్ని పెంచుతాయట. మీరు ఊదిన నైట్రిక్ ఆక్సైడ్ కండరం చేరేలోపే అది అడ్డం తగిలి, పెరాక్సీనైట్రైట్ అనే పనికిమాలిన సరుకుగా మార్చేస్తుందట. మీరు ఊదుతూనే ఉంటారు, కబురు మాత్రం అందదు. 1986లో, పూడుకుపోతున్న గుండె ధమనులున్న మనుషుల్లోకి అసిటైల్‌కోలీన్ ఎక్కించి చూశారు. విచ్చుకోవాల్సిన నాళాలు బిగుసుకున్నాయి. అచ్చం ఫర్చ్‌గాట్ పాత రిబ్బన్ ముక్కల్లాగే. ప్రయోగశాలలో వేళ్లతో జరిగింది మా ఇళ్లలో ఏళ్లతో జరుగుతుంది. గీకేస్తే మీరు ఊడిపోతారు. మేం చేసిన దానికి ఉండీ లేనట్టు అవుతారు.

ఈ ముక్క విన్నాక నిలదీయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా ఫిర్యాదు వెనక్కి తీసుకోను. నొప్పి పెట్టొచ్చుగా? పంటికి పిప్పి పడితే రాత్రంతా నిద్రపట్టనివ్వదు. గోరుచుట్టు లేస్తే అన్నం సహించదు. మీరు ఇరవై ఏళ్లు ఒక్క మూలుగు లేకుండా పాడైపోయి, చివరికి మిషన్ మీద అంకెగా బయటపడ్డారు. ఇది మంచితనం అనుకోవాలా, కక్ష అనుకోవాలా?

డాక్టరు రాసిన మాత్ర కూడా మీ ఒంటి మీది ఎంజైమునే పట్టుకుంటుంది. యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌ని నాళాలు బిగించే రకంగా మార్చేదీ, మీ చేత గ్యాసు ఊదించే బ్రాడికైనిన్‌ని కోసేసేదీ ఆ ఎంజైమే. ఈ రకం మాత్రల్లో మొదటిదైన కాప్టోప్రిల్‌కి దారి చూపింది బ్రెజిల్‌లోని రక్తపింజరి కుటుంబానికే చెందిన ఒక పాము విషం. మీ ఇంట్లో ఒక పాము, నా మందులపెట్టెలో ఇంకొకటి. వాటి సంగతి అవి చూసుకుంటాయని ఆశ.

ఇట్లు,
148 మీద 94

తా.క.: ఈ ఉత్తరం రాయడానికి మూడు గంటలు కుర్చీలోంచి లేవలేదు. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తపు రాపిడి తగ్గి, అక్కడి మీవాళ్లు ఊదడం మందగిస్తుందని సరిగ్గా సంతకం పెడుతుంటే గుర్తొచ్చింది. అక్కడినుంచి నా మీద ఫిర్యాదేమైనా వస్తే దయచేసి గుండెకి పంపించండి. అలవాటు ప్రకారం అందరూ దాన్నే అడుగుతారు.