టీనేజీకి రిటైర్మెంట్ వయసెంత?

మా అమ్మానాన్నలు తెనాలి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని న్యూజెర్సీ వచ్చారు. మొన్న శనివారం వాళ్ళిద్దరినీ వెనక సీట్లో, మా అమ్మాయిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఎడిసన్‌లో కూరగాయలకు బయల్దేరితే కారులో పాట మొదలైంది. నేను పెట్టలేదు. మన ఫోనుకు ఒక దురలవాటు ఉంది. కారెక్కగానే బ్లూటూత్‌కి అతుక్కుపోయి, నిన్న ఒంటరిగా ఉన్నప్పుడు ఏం విన్నామో అది అందరి ముందూ అందుకుంటుంది. మెట్ల మీంచి ఎవరో బిందెలు దొర్లించినట్టు డ్రమ్స్ మోగాయి. ఆ వెంటనే ఓ మగ గొంతు ముక్కులోంచి అరిచింది.

"ఎవర్రా ఆ అబ్బాయి? జలుబు చేసిందా?" అంది అమ్మ.

నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇంగ్లీషు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయనకీ ఒక్క ముక్క దొరకలేదు. "ఏమంటున్నాడు?" అన్నారు.

"వాళ్ళ నాన్న తనను అర్థం చేసుకోలేదట."

"వయసెంత?"

"యాభై దాటింది."

ఒక సిగ్నల్ దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళ నాన్న ఉన్నాడా మరి?" అన్నారు.

పాతికేళ్ళుగా నేను పాప్ పంక్ వింటున్నాను. అందులో ఇరవై ఏళ్ళు తిట్టుకుంటూ వింటున్నాను. ఈ సంగీతం మీద నా దగ్గర చాలా ఫిర్యాదులు ఉన్నాయి. కానీ ఇంత సూటి ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం పూర్వకథ. పంక్ అనే రాక్ సంగీతం 1970లలో కోపం ఎక్కువై, డబ్బులు తక్కువై పుట్టింది. న్యూయార్క్‌లో రమోన్స్ అనే నలుగురు 1976లో తమ మొదటి ఆల్బమ్‌ని సుమారు 6,400 డాలర్లతో పూర్తి చేశారు. ఈరోజు మా చుట్టుపక్కల ఓణీల ఫంక్షన్‌లో డెకరేషన్‌కీ ఫొటోగ్రాఫర్‌కీ కలిపి ఇంతకు తక్కువైతే బంధువులు చెవులు కొరుక్కుంటారు. వాళ్ళు పాడిన సీబీజీబీ అనే క్లబ్బు అద్దె తగాదాలో పడి 2006లో మూతపడింది. తర్వాత అదే చోట ఖరీదైన డిజైనర్ బట్టల షాపు వెలిసింది. అట్లాంటిక్ అవతల సెక్స్ పిస్టల్స్ అనే బృందం 1977లో, ఇంగ్లండంతా రాణిగారి రజతోత్సవం చేసుకుంటుంటే, రాణిగారిని వెక్కిరిస్తూ పాట విడుదల చేసింది. దాన్ని పాడిన జాన్ లైడన్ 2008లో టీవీలో వెన్న ప్రకటనలో కనిపించాడు. 2015లో ఆ బృందం ఆల్బమ్ బొమ్మలతో క్రెడిట్ కార్డులు వచ్చాయి. పెరుగు చిలికితే వెన్న వస్తుందని మా అమ్మకు తెలుసు. తిరుగుబాటును చిలికినా వెన్నే వస్తుందని నేను అమెరికా వచ్చాకే తెలుసుకున్నాను.

ఇదంతా పంక్. ఇందులోంచి రాణిని, అద్దెను, ఆకలిని తీసేసి, ఆ ఖాళీలో పక్కింటి అమ్మాయిని కూర్చోబెడితే పాప్ పంక్.

ఆ కూర్చోబెట్టడం అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్మన్ స్ట్రీట్ అనే అడ్డా ఒకటి ఉంది. పెద్ద మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం చేసుకున్న బ్యాండుకి అప్పట్లో అక్కడ ప్రవేశం ఉండేది కాదు, మన పల్లెల్లో వెలివేసినట్టే. అక్కడే పెరిగిన గ్రీన్ డే అనే బ్యాండు 1993లో పెద్ద కంపెనీలో సంతకం పెట్టింది, వెలిపడింది. 1994లో 'డూకీ' అనే ఆల్బమ్ తెచ్చింది. ఆ పేరుకు తెలుగు అర్థం అమ్మ కారులో ఉండగా చెప్పలేను. ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. వెలివేస్తే ఇలాంటి ఫలితం ఉంటుందని తెలిస్తే మన ఊళ్ళలో క్యూ కట్టి వెలివేయించుకునేవాళ్ళు.

నా అసలు గొడవ ఆ తర్వాత వచ్చినవాళ్ళతో. సంగీతం సంగతి నేను పెద్దగా మాట్లాడను. పెళ్ళికి ముందు గీతాల దాకా నేర్చుకున్న మా అమ్మ మూడు పాటలు విని, "వీడింకా సరళీ వరసలు దాటలేదు" అని తీర్పు చెప్పేసింది. 72 మేళకర్తలున్న దేశం నుంచి వచ్చినవాణ్ణి, నాలుగు గిటార్ కార్డ్స్ (స్వరాల గుత్తులు) మీద పాతికేళ్ళు ఎలా బతికానో నాకే తెలియదు. నా గొడవ సాహిత్యంతో. ఈ పాటల్లో సగం ఒకే గోడు: ఈ ఊరు నన్ను చంపేస్తోంది, ఏదో ఒక రోజు ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతాను.

ఏ ఊరు? ఈ పాటలకు పేరుమోసిన బ్లింక్-182 అనే బ్యాండు తయారైన ఊరు పోవే. శాన్‌డియాగో పక్కన. ఏడాది పొడుగునా ఎండ, ట్రాఫిక్ లేకపోతే అరగంటలో సముద్రం. మ్యాప్‌లో చూపిస్తే నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని, "ఇక్కణ్ణుంచి ఎక్కడికి పోతాడు?" అన్నారు. 

నేను ఊరు వదిలినప్పుడు ఒక్క పాటా పాడలేదు. అమీర్‌పేటలో కోర్సు, ఆ తర్వాత జీఆర్ఈ, బ్యాంకు లోనుకు తాతగారి పొలం కాయితాలు, చెన్నైలో కాన్సులేట్ ముందు తెల్లవారుజామున లైను, ఆవకాయ సీసాకు ఐదు చుట్లు టేపు, ఎయిర్‌పోర్టులో పాతికమంది బంధువులు. వెళ్ళిపోతానని గిటార్ పట్టుకుని చెప్పే తీరిక ఎవరికుంది? మా క్లాసులో సగంమంది అలా నోరెత్తకుండా వెళ్ళిపోయాం. పాటలో కుర్రాడు మాత్రం 1999 నుంచి ఇవాళ్టి దాకా వెళ్ళిపోతాననే అంటున్నాడు. బ్యాగు కూడా సర్దలేదు.

సరే, వెళ్ళిపోయి మనమేం చేశాం? ఇరవై ఏళ్ళు పనిచేసి, మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుని, ఒకే రకం ఇళ్ళు, ఒకే ఎత్తు గడ్డి ఉన్న సబర్బ్‌లో ఇల్లు కొన్నాం. ఏ కాలనీలోంచి పారిపోవాలని ఆ కుర్రాడు ఏడ్చాడో, అచ్చం అలాంటి కాలనీ. దానికి ముప్పై ఏళ్ళ మార్ట్‌గేజ్. గడ్డి కోస్తూ చెవుల్లో వాడి పాటే పెట్టుకుంటాం. (గడ్డి పెరిగితే కాలనీ అసోసియేషన్ నుంచి నోటీసు వస్తుంది.)

ఈ సంగీతం ఎవరు వింటారు అని అడిగితే నేను పేర్లు చెప్పను, మా హాస్టల్ రూమ్మేట్‌ని చూపిస్తాను. 2001లో హైదరాబాద్ కోఠీలో ఫుట్‌పాత్ మీద 'ఇంగ్లిష్ హిట్స్' అనే ఎంపీత్రీ సీడీ కొన్నది వాడే. అందులో నూట యాభై పాటలుంటే నూట నలభై, కుర్రాళ్ళు గుంపుగా ఆడిపాడే బాయ్ బ్యాండ్లవి, పది వాళ్ళను వెక్కిరించేవి. అప్పట్లో బ్లింక్-182 ఒక వీడియోలో బాయ్ బ్యాండ్లలా తెల్లబట్టలు కట్టి, బీచ్‌లో గెంతి, వాళ్ళను ఏకిపారేసింది. ఆ వీడియోతోనే వాళ్ళు బాయ్ బ్యాండ్ల పక్కన అదే టీవీ చార్టుల్లోకెక్కారు. మాకు వెక్కిరింత అని తెలియక, "వీళ్ళు కూడా బాగున్నార్రా" అనుకున్నాం. ఇప్పుడు మా వాడు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో మేనేజర్. కింద పద్దెనిమిది మంది. పొద్దున్న ఆఫీసుకు వెళ్తూ బాసును తిట్టే పాటలు గొంతెత్తి పాడతాడు. పార్కింగ్‌లో ఆపి, గొంతు సవరించుకుని, లోపలికెళ్ళి బాసు అవుతాడు. వాడి టీమ్‌లో కుర్రాళ్ళు ఏ పాట పాడుకుంటూ వస్తున్నారో వాడికి అనవసరం.

ఈ జాతి కోసమే 2022 అక్టోబరులో లాస్ వేగస్‌లో 'వెన్ వుయ్ వర్ యంగ్' అని పండగ పెట్టారు. పేరు భూతకాలంలో ఉంది చూడండి, నిర్వాహకులకు వ్యాకరణం తెలుసు. మొదటి రోజు ఈదురుగాలుల వల్ల రద్దయింది. తిరుగుబాటుకి వాతావరణ శాఖ అనుమతి రాలేదన్నమాట. మన దేశమూ వెనకబడలేదు. 2025 మార్చిలో గ్రీన్ డే ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో పాడితే, గచ్చిబౌలి నుంచి మా పిన్ని కొడుకు విమానమెక్కి వెళ్ళాడు. అది వారాంతం. వ్యవస్థ మీద కోపానికి లీవు పెట్టే పని కూడా లేకుండా పోయింది.

వేషం గురించి ఒక్క మాట. 2002లో అవ్రిల్ లవీన్ అనే గాయని బనీను మీద వదులుగా టై కట్టుకుని వస్తే ప్రపంచమంతా దాన్ని ధిక్కారం అంది. మనం ఎల్‌కేజీలోనే కట్టాం, ఎలాస్టిక్‌ది. ఎవరూ ఫొటో తీయలేదు.

అదే ఏడాది గుడ్ షార్లెట్ అనే బ్యాండు, డబ్బూ పేరూ ఉండి కూడా ఏడ్చే సెలబ్రిటీలను దులిపేస్తూ ఓ పాట చేసింది. దాని నాయకులు మాడెన్ కవలలు. వాళ్ళలో జోయెల్ 2010లో గాయకుడు లయొనెల్ రిచీ గారి అమ్మాయి నికోల్‌ని పెళ్ళాడాడు. బెంజీ 2015లో హాలీవుడ్ నటి కామెరాన్ డియాజ్‌ని పెళ్ళాడాడు. చల్లగా ఉండాలి. కానీ గుంటూరు జిల్లాలో ఏ పెళ్ళిళ్ళ పేరయ్యా ఒకే ఇంట్లో ఇద్దరన్నదమ్ములకూ ఇలాంటి సంబంధాలు కుదర్చలేడు. ఈ కథ విన్నాక అమ్మకు ఆ బ్యాండు మీద గౌరవం పెరిగింది.

నాన్నగారి గౌరవం మాత్రం ఒక్కడికే దక్కింది. ఆఫ్‌స్ప్రింగ్ అనే బ్యాండు గాయకుడు డెక్స్‌టర్ హాలండ్. 1994లో లక్షల్లో ఆల్బమ్‌లు అమ్మి, మధ్యలో వదిలేసిన పరిశోధనను మళ్ళీ అందుకుని, 2017లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా నుంచి మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ తీసుకున్నాడు. హెచ్‌ఐవీ వైరస్ మీద పరిశోధన. అప్పటికి యాభై ఒక్కేళ్ళు. బ్యాడ్ రెలిజియన్ బ్యాండు గాయకుడు గ్రెగ్ గ్రాఫిన్‌కి కార్నెల్ యూనివర్సిటీ డాక్టరేట్ ఉందని కూడా చెప్పబోయాను, అప్పటికే ఆలస్యమైంది. నాన్నగారు అద్దంలోంచి నన్ను చూస్తున్నారు. ఎంఎస్‌తో ఆపేసిన కొడుకును చూసే చూపు అది. "గిటార్ వాయించుకునేవాడు కూడా..." అని ఆపేశారు. ఒక పాప్ పంక్ గాయకుడితో పోల్చి తిట్లు తిన్న మొదటి తెలుగువాణ్ణి నేనే అయ్యుంటాను.

వయసు సంగతి మాత్రం ఆయన వదల్లేదు. గ్రీన్ డే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, బ్లింక్-182 మార్క్ హాపస్ ఇద్దరూ 1972లో పుట్టారని చెప్పాను. "నా మొదటి బ్యాచ్ పిల్లల ఈడు. వాళ్ళు మనవళ్ళను ఎత్తుకుంటున్నారు" అన్నారు. ఈ విషయంలో ఆయనకో పాత గాయం ఉంది. ఆయన 58కి రిటైరయ్యారు. ఆ తర్వాత 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వయసును 60 చేసింది, 2022లో 62 చేసింది. రెండుసార్లూ పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ పూట కాఫీ మానేశారు. "టీచర్ల సర్వీసు పొడిగించడానికి జీవో కావాలి. వీళ్ళ టీనేజీని యాభై దాటేదాకా ఎవరు పొడిగించారు?" అని అడిగారు. జీవో నంబరు నా దగ్గర లేదు. పొడిగించింది నేనే, ప్రతి నెలా సబ్‌స్క్రిప్షన్ కట్టి.

పదమూడేళ్ళ మా అమ్మాయి అంతసేపూ కిటికీలోంచి చూస్తోంది. "ఇవి నాన్నల పాటలు తాతయ్యా" అంది. దాని లెక్కలో ఈ గిటార్ల మోతను 2021లో ఒలీవియా రోడ్రిగో అనే గాయని కనిపెట్టింది. ఆమె పాట ఒకదానిలో పారామోర్ అనే పాత బ్యాండు పాట పోలికలు ఉన్నాయనే మాట వచ్చి, తర్వాత ఇద్దరు పారామోర్ వాళ్ళ పేర్లు రచయితల్లో చేర్చారని చెబుదామనుకున్నాను. పొలం గట్టు తగాదాలు పిల్లలకెందుకని ఊరుకున్నాను.

తిరుగు ప్రయాణంలో డిక్కీలో దోసకాయలు దొర్లుతుంటే, ఫోను తనంతట తనే ఒక పాట అందుకుంది. డ్రమ్స్ లేవు. ఒక్క గిటారు, వెనకాల వయొలిన్లు. ముక్కు కూడా కొంచెం తగ్గింది. నాన్నగారి వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

"ఇది బాగుందిరా. ఇదీ ఆ జట్టుదేనా?"

"గ్రీన్ డే వాళ్ళదే నాన్నగారూ. 1997లోది."

"స్కూలు వదిలి వెళ్ళే పిల్లలకు వీడ్కోలు సభలో పాడుకోవచ్చు."

అమెరికాలో స్కూళ్ళన్నీ పాతికేళ్ళుగా చేస్తున్న పని అదే. పదో తరగతి ఇంగ్లీషు నోట్సు రాయించిన మనిషి, పాట విన్న రెండో నిమిషానికి అమెరికా మొత్తం చేసిన పొరపాటే చేశారు. అది వీడ్కోలు పాట కాదు. ప్రియురాలు వదిలేసి ఈక్వడార్ వెళ్ళిపోతే బిల్లీ జో ఒళ్ళు మండి రాసుకున్న పాట. అసలు పేరు 'గుడ్ రిడెన్స్'. పీడా విరగడైంది అని. మెత్తగా పాడేసరికి ఎవరూ పేరు చూడలేదు. ఆ మాట చెప్పాను.

నాన్నగారు పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూసి చాలా ఏళ్ళయింది. అమ్మ కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చింది.

"నా రిటైర్మెంట్ సభలో స్టాఫంతా నాకు ఈ పాటే పాడారు" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "కాకపోతే శాలువా కప్పి, మనసులో."