క్యూరియాసిటీ సెల్ఫీలో చెయ్యి ఎక్కడ?

‘‘రోవర్ నిలువెల్లా కనబడుతోంది, కెమెరా పట్టుకున్న చెయ్యి మాత్రం లేదు. మరి ఫొటో తీసిందెవరు? ఇదంతా కెనడాలోని డెవాన్ దీవిలో జరిగిన షూటింగే’’ అంటూ, అంగారకుడి మీద తిరిగే నాసా రోవర్ (చక్రాల యంత్రం) క్యూరియాసిటీ తీసుకున్న సెల్ఫీని ఏళ్ల తరబడి పంచుతున్నారు. ఆ వాదనలు ఇవీ, జవాబులు ఇవీ.

‘‘చెయ్యి లేదు.’’ 2012 అక్టోబర్ 31న అంగారకుడి మీద రాక్‌నెస్ట్ అనే చోట తీసిన ఆ బొమ్మ ఒక్క ఫొటో కాదు, 55 ఫొటోల అతుకు. కెమెరా పేరు మాలీ. రాతిలోని రేణువులను దగ్గరగా చూడటానికని సుమారు 2.1 మీటర్ల చేతి చివర బిగించారు. 2.1 సెంటీమీటర్ల దగ్గర నుంచి దిగంతం దాకా ఫోకస్ అవుతుంది కనుక సెల్ఫీకీ అక్కరకొచ్చింది. ఒక్కో ఫ్రేములో రోవర్ ముక్క కొంతే పడుతుంది. అందుకని కెమెరాను ఇంచుమించు ఒకేచోట ఉంచి, మణికట్టు తిప్పుతూ ముక్కముక్కగా తీస్తారు. చాలా ఫ్రేముల్లో చెయ్యి కెమెరా వెనకే ఉండిపోతుంది. అడ్డొచ్చిన చోట, అదే భాగం ఖాళీగా కనబడే మరో ఫ్రేమును అతుకుతారు. ఫోన్లో పనోరమా తీస్తే మీ చెయ్యి పడుతోందా?

‘‘అతుకులు కనబడుతున్నాయి.’’ కనబడతాయి మరి! చెయ్యి కదిలినప్పుడు కెమెరా కొద్దిగా జరుగుతుంది. దగ్గరి వస్తువులు ఎక్కువగా, దూరపువి తక్కువగా పక్కకు జరిగినట్టు పడతాయి. నేలను సరిగ్గా కలిపితే రోవర్ అంచు కలవదు, రోవర్‌ను కలిపితే నేల కలవదు.

‘‘రంగులు మారుతున్నాయి.’’ కెమెరా పట్టిన రంగు ఒకటి, భూమి మీది వెలుతురులో రాయి ఎలా ఉంటుందో చూపడానికి సరిచేసిన రంగు ఇంకొకటి. రెండూ విడుదల చేస్తారు. రంగు సరిచూసుకోవడానికి రోవర్ మీదే ఒక పలక ఉంది. దాని మీద 1909 నాటి లింకన్ సెంటు నాణెం కూడా అతికించారు.

‘‘ఏడాదికే చక్రాలు చిల్లులు పడ్డాయంటే నాసిరకం ఆటబొమ్మే.’’ 50 సెంటీమీటర్ల అల్యూమినియం చక్రానికి, నేల మీద పట్టు కోసం ఉబ్బెత్తుగా ఉన్న పట్టీల మధ్య రేకు మందం 0.75 మిల్లీమీటర్లే. నేలలో పాతుకుపోయిన మొనదేలిన రాయి కదలదు, వెనకున్న చక్రాలేమో ముందు చక్రాన్ని దాని మీదికే నెడతాయి. అందుకే చిరిగింది. 2017లో చక్రాల వేగాన్ని నేలను బట్టి సర్దే సాఫ్ట్‌వేర్ పంపారు. తర్వాత పంపిన మరో రోవర్ పర్సెవరెన్స్‌కు రేకు మందం పెంచి, 24 పట్టీలకు బదులు 48 పెట్టారు.

ఇక డెవాన్ దీవి. అక్కడి హాటన్ బిలంలో అంగారకుడి కోసం పరికరాలు పరీక్షించడం బహిరంగంగా సాగే పనే. కానీ క్యూరియాసిటీనీ, అది వదిలిన చక్రాల జాడల్నీ అది దిగిన అంగారకుడి మీది గేల్ బిలంలో పైనుంచి ఫొటో తీసింది అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహంలోని హైరైజ్ కెమెరా.