ఇంకో రెండుసార్లు తోస్తే ఎక్కేసేవాడు

పొద్దున జరిగిన సంగతి ఇది. మధ్యాహ్నం దాటినా నా కోపం దిగలేదు. అందుకే రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

మా తమ్ముడికి నడుం కింద నుంచి కాళ్లు పనిచేయవు. ఆరేళ్ల కింద బండి మీంచి పడ్డాడు, వెన్ను దెబ్బతింది. అప్పటి నుంచి వీల్‌చైరే. మేం రోజూ వెళ్లే పార్కులో ఒక ర్యాంప్ ఉంది, ఏటవాలు కాస్త ఎక్కువ. ఎవరూ చెయ్యి వెయ్యకుండా దాన్ని ఎక్కాలని మూడు వారాలుగా పట్టుబట్టి కూర్చున్నాడు. మొదటిరోజు పావు వంతు కూడా ఎక్కలేక వెనక్కి జారాడు. తర్వాత సగం. నిన్న ముప్పావు. ముందుకి వంగి తొయ్యాలి, లేకపోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మధ్యలో ఆగాలంటే చక్రాలని చేత్తో తిప్పే రెండు రింగులూ బిగించి పట్టుకుని ఊపిరి తీసుకోవాలి. ఆ ఆగినప్పుడు వాడి ముంజేతుల్లో నరాలు తాళ్లలా ఉబ్బుతాయి. నేను కింద నిలబడి చూస్తుంటా. దగ్గరికి వెళ్లను, వాడు వెళ్లనివ్వడు.

ఇవాళ దాదాపు పైదాకా వెళ్లాడు. చివర్లో ఒక్కసారి ఆగాడు, ఊపిరి తీసుకోడానికి. అంతే. వెనక నుంచి ఒకాయన పరుగున వచ్చి కుర్చీ పట్టుకుని ఒక్క ఊపున పైకి తోసేశాడు. అడగలేదు, పిలవలేదు. చక్రం తిరిగేసరికి వాడి బొటనవేలు రింగుకీ చక్రానికీ మధ్య ఇరుక్కుని గోరు సగానికి చీలింది. రక్తం. నేను పైకి పరుగెత్తుకెళ్లేసరికి ఆయన "పర్లేదమ్మా, ఈ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా" అంటున్నాడు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు "మంచి మనసండీ మీది" అని ఆయన్ని మెచ్చుకున్నారు. గోరు చీలినవాణ్ణి ఒక్కరూ పలకరించలేదు.

తమ్ముడు ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన వెళ్లాక నాతో అన్నాడు, "అక్కా, ఇంకో రెండుసార్లు తోస్తే ఎక్కేసేవాణ్ణి."

ఆ మాట పొద్దుటి నుంచీ నా చెవుల్లోనే ఉంది. మూడు వారాల కష్టాన్ని మూడు క్షణాల్లో లాగేసుకుని, దానికి సాయం అని పేరు పెడతారా? వీల్‌చైర్ అంటే వాడి ఒళ్లు. దాన్ని వెనక నుంచి పట్టుకోవడమంటే దారిన పోయేవాణ్ణి చంకల్లో చేతులేసి ఎత్తుకుపోవడమే. మిమ్మల్ని ఎవరైనా అలా ఎత్తుకుపోతే ఊరుకుంటారా? "సాయం కావాలా బాబూ" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? వద్దంటే ఆగిపోవాలి, అంతకన్నా ఏముంది ఇందులో?

అసలు చాలామందికి ఒక నమ్మకం ఉంది, వైకల్యం ఉన్నవాళ్లని కదలకుండా కూర్చోబెట్టడమే ప్రేమని. కదలకుండా ఉంటే ఏమవుతుందో వాళ్లెవరూ చూడలేదు. నేను చూశాను. స్పర్శ లేని చోట ఒకే వైపు బరువు పెట్టి కూర్చుంటే పుండు పడుతుంది. అది పైకి చిన్న ఎర్రమచ్చలా కనిపిస్తుంది, లోపల ఎముక దాకా తొలుస్తుంది. అందుకే వాడు పదిహేను నిమిషాలకో, అరగంటకో ఒకసారి చేతుల మీద లేచో పక్కకి వంగో ఒంటి బరువు మార్చుకుంటాడు. కదలని కాళ్లలో ఎముకలు గుల్లబారుతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఉన్న కండ కరుగుతుంది. భుజాలు పోయాయంటే వాడికి కాళ్లు రెండోసారి పోయినట్టే, మంచం మీంచి కుర్చీలోకి మారేది వాటి మీదే కదా. ఆ భుజాల కోసమే రోజూ ఈ పార్కూ, ఈ ర్యాంపూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన వ్యాయామ సూచనల్లో వైకల్యంతో బతికేవాళ్ల గురించి మొదటిసారి విడిగా రాసింది. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకి పని. మిగతా అందరికీ చెప్పిన లెక్కే వీళ్లకీ చెప్పింది, ఎవరి ఒంటిని బట్టి వాళ్లు చెయ్యమంది. ఇది తెలియకుండానే ఎంతమంది నాకు సలహాలిచ్చారో! "వాడికెందుకమ్మా వ్యాయామం, పాపం హాయిగా పడుకోనివ్వు." ఒక జిమ్‌లో అయితే వాడు ఎదురుగా ఉండగానే నన్నడిగారు, "ఈయనకి ఏం కావాలండీ?" అని. నోరు వాడికుంది. వాణ్ణే అడగాలి.

బోచియా అనే ఆట గురించి విన్నారా? 1984 నుంచి పారాలింపిక్స్‌లో, అంటే వైకల్యం ఉన్నవాళ్ల ఒలింపిక్స్‌లో ఉంది. తెల్లబంతికి దగ్గరగా మన బంతులు వెయ్యడం, అంతే ఆట. చేతులతో బంతిని పట్టుకుని వెయ్యలేనివాళ్లు కూడా ఆడతారు. వాళ్లకి జారుడుబల్ల లాంటి ర్యాంప్ ఇస్తారు, దాన్ని సర్దడానికి పక్కన ఒక సహాయకుడుంటాడు. ఆ సహాయకుడికి ఒక నియమం ఉంది, అది చదివినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అతను ఆట జరిగే వైపు వీపు పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఎడమకి ఎంత జరపాలో, ఎంత ఎత్తు పెట్టాలో ఆటగాడే చెప్పాలి, సహాయకుడు చెప్పినంతే చెయ్యాలి. బంతిని వదిలేది కూడా ఆటగాడే, చెయ్యి ఆడకపోతే తలకి కట్టుకున్న కర్రతో వదులుతాడు. గురి ఆటగాడిది, తప్పు వేస్తే ఆ తప్పూ ఆటగాడిదే. ఆ పార్కాయన్ని పక్కన కూర్చోబెట్టి ఈ నియమం పదిసార్లు చదివించాలని ఉంది నాకు.

ఇంకో సంగతి. గుట్‌మన్ అనే డాక్టరు ఇంగ్లండ్‌లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్ను దెబ్బతిన్న సైనికులని చూసేవాడు. ఆ రోజుల్లో అలాంటివాళ్లు ఎక్కువ కాలం బతకరని అందరూ వదిలేసేవారు. ఈయన వాళ్లని మంచాల మీంచి లేపి ఆటలాడించాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, కుర్చీల్లో ఉన్న 16 మందికి విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్ పుట్టింది అక్కడ. ఆ రోజు కూడా "పాపం, వాళ్లని పడుకోనివ్వండి" అన్నవాళ్లు ఉండే ఉంటారు.

పాపం అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా పెద్దమ్మ నోట్లో అది ఊతపదం.

పెద్దమ్మ గురించి ఇన్నాళ్లూ బయట మాట్లాడలేదు, ఇవాళ మాట్లాడతా. తమ్ముడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో ఆవిడే ఇంటిని నడిపింది. కాదనను, చాలా చేసింది. కానీ దెబ్బకి ముందు మా ఇంటి లెక్కలన్నీ చూసింది వాడే. కరెంటు బిల్లు, అమ్మ మందులు, పన్ను కాగితాలు, అన్నీ ఒక నీలం అట్ట పుస్తకంలో రాసేవాడు. పెద్దమ్మ ఆ పుస్తకం తీసేసుకుంది. "నీకెందుకురా నాన్నా ఈ తలనొప్పులు, పాపం హాయిగా టీవీ చూసుకో" అంది. వాడు టీవీ చూశాడు. ఏడాదిన్నర. పన్నెండింటి దాకా పడుకునేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. ఇవాళ ఏ వారంరా అంటే చెప్పలేకపోయేవాడు. వాడికి దెబ్బ తగిలింది వెన్నుకి. బుర్రకి కాదు. బుర్రని మూలన పడేసింది మేమే.

ఒకరోజు కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని అమ్మా నేనూ వాదించుకుంటున్నాం. వాడు మంచం మీంచే "ఏదీ, ఇటివ్వు" అన్నాడు. మీటరు అంకె ఒకటి తప్పుగా ఎక్కిందని రెండు నిమిషాల్లో పట్టేశాడు. ఫోన్ చేసి వాళ్లతో గట్టిగా మాట్లాడాడు. నెలల తర్వాత వాడి గొంతు అలా వినడం. ఆ రాత్రే నీలం పుస్తకం పెద్దమ్మ అలమారలోంచి తెచ్చి వాడి ఒళ్లో పెట్టాను. మర్నాడు గడ్డం గీసుకున్నాడు. ఏ మందూ చెయ్యని పని ఒక తప్పు బిల్లు చేసింది.

అయినా పెద్దమ్మకి అర్థం కాలేదు. పోయినేడాది ఉమ్మడి స్థలం అమ్మేటప్పుడు అందరూ హాల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. వీడు లోపలి గదిలో ఉన్నాడు. గడప ఎత్తు, కుర్చీ దాటదు, బయటికి తీసుకురావాలని ఎవరికీ తోచలేదు. అంతా తేలిపోయాక పెద్దనాన్న కాగితాలు లోపలికి తీసుకెళ్లి "ఇక్కడ సంతకం పెట్టు నాన్నా" అన్నారు. వాడు చదువుతానన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "పాపం వాడికివన్నీ ఏం తెలుస్తాయి, పెట్టించెయ్యండి" అంది. ఆ ఇంట్లో అందరి లెక్కలూ రాసినవాడి గురించి ఆ మాట! వాడు చదివాడు, మూడో పేజీలో కొలత తప్పుందని చూపించాడు, దిద్దాక పెట్టాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆ గుమ్మాన్ని మర్చిపోలేను.

అందుకే పార్కాయన మీద ఇంత కోపం వచ్చిందేమో. ఆయన చేసిన పనే మా ఇల్లంతా ఆరేళ్లుగా చేస్తోంది. వాడు చెయ్యగలిగింది వాడికన్నా ముందు చేసేస్తారు, తర్వాత వాడు ఏమీ చెయ్యడం లేదని జాలిపడతారు. మా పిన్ని కూతురికి డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే ఉంది, ఏదైనా నేర్చుకోడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు. ఈరోజుకీ పుట్టినరోజుకి చిన్నపిల్లల రంగుల పుస్తకాలే తెస్తారు బంధువులు. తనకి బస్సు నంబర్లన్నీ నోటికొచ్చు. ఒంటరిగా రెండు స్టాపులు వెళ్లొస్తానని ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. ఒక నెలపాటు వెనకే ఒకరు వెళ్లి నేర్పిస్తే వస్తుంది. ఎవరూ వెళ్లడం లేదు. ఈ ఆదివారం నుంచి నేను వెళ్తా, ఇక్కడ రాసి పెడుతున్నా కాబట్టి తప్పించుకోలేను.

ఇందాక పెద్దమ్మ ఫోన్ చేసింది. వేలికి దెబ్బ తగిలిందని అమ్మ చెప్పినట్టుంది. "నేను ముందే చెప్పానా, ఆ పార్కులూ అవీ ఎందుకు వాడికి" అని మొదలుపెట్టింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు, "పెద్దమ్మా, రేపు ఆరింటికి వెళ్తున్నాం, నువ్వూ రా. కింద అక్క పక్కన నిలబడి చూడు."

వేలికి కట్టు కట్టాను. గ్లౌజు పడుతుందో లేదో ఇప్పుడే వేసుకుని చూశాడు. పట్టింది.