భాగహార వైద్యం

కొత్త రోగం వచ్చి పడగానే మందు కోసం, టీకా కోసం ఆరాటపడేవాళ్లు అమాయకులు. వాటికి నెలలు పడుతుంది, కోట్లు ఖర్చవుతాయి. భాగహారానికి ఆ బాధ లేదు. చనిపోయినవారి సంఖ్యను పైన వేసి, రోగం సోకినవారి సంఖ్యను కింద వేసి భాగిస్తే మరణాల రేటు వస్తుంది. రెండు అంకెలూ సర్కారు చేతిలోనివే కాబట్టి ఎంతటి మహమ్మారినైనా ఒక్క పూటలో సాధుజంతువును చేయవచ్చు.

ఈ వైద్యంలో మొదటి సూత్రం తొందర. 2003లో సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి దేశాలకు పాకిన తొలి వారాల్లో అప్పటికి పోయినవారిని అప్పటికి సోకినవారితో భాగిస్తే 4 శాతం దగ్గర తేలింది. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లంతా ఆ లెక్కలో బతికినవాళ్లే. సగం పేపర్లు దిద్దకముందే, దిద్దనివాళ్లందరినీ పాస్ కింద వేసి ఫలితాలు ప్రకటించినట్టు. మే నెల వచ్చేసరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అంచనాను 14-15 శాతానికి పెంచాల్సి వచ్చింది. చివరికి తేలింది 8,096 కేసులు, 774 మరణాలు, అంటే పదికి కాస్త తక్కువ శాతం. రోగులు కోలుకునేదాకానో పోయేదాకానో ఆగితే వచ్చే చిక్కు ఇదే. అంకె అందంగా ఉన్నప్పుడే విలేకరుల సమావేశం ముగించెయ్యాలి.

తొందర ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. 2020 మార్చి 3న అదే సంస్థ అధిపతి, నమోదైన కోవిడ్ రోగుల్లో 3.4 శాతం మంది చనిపోయారని చెప్పారు. చిన్న దగ్గుతో ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు కింది అంకెలోకి ఎక్కలేదు మరి. మర్నాడే ట్రంప్, అది తప్పుడు లెక్కని, తన మనసుకు ఒక శాతం కంటే బాగా తక్కువని తోస్తోందని సెలవిచ్చారు. తరువాత వచ్చిన అంచనాలు ఆ మనసుకు మరీ దూరంలో లేకపోవడం శాస్త్రజ్ఞులకు జరిగిన అన్యాయాల్లో ఒకటి.

ఇంగ్లండ్ వారిది మరో పద్ధతి. ఒకసారి పాజిటివ్ వచ్చినవాడు ఎప్పుడు, దేనివల్ల పోయినా కోవిడ్ మరణమే అని 2020 వేసవి దాకా రాసుకున్నారు. అంటే ఆ దేశంలో ఒకసారి సోకాక కోలుకోవడానికి ఎవరికీ అనుమతి లేదు. ఆగస్టు 12న, పాజిటివ్ వచ్చిన 28 రోజుల్లోపు పోతేనే లెక్క అని గడువు పెట్టారు. ఆ గీత గీయగానే బ్రిటన్ మొత్తం కోవిడ్ మరణాల లెక్క 46,706 నుంచి 41,329కి దిగింది. ఐదు వేల పైచిలుకు మందిని ఒక్క సాయంత్రంలో జాబితా నుంచి విడిపించిన ఆసుపత్రి ప్రపంచంలో ఇంకొకటి లేదు.

మన దగ్గర ఈ విద్య ఇంకా లోతైనది. పరీక్షలు తక్కువ చేస్తున్నారేమిటని 2020లో హైకోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని పదేపదే నిలదీసింది. న్యాయస్థానానికి గణితం పట్టలేదు కానీ, ఇందులో ఒక సున్నితమైన ఇబ్బంది ఉంది. పరీక్షలు తగ్గితే కింది అంకె చిక్కిపోయి రేటు పెరుగుతుంది. అందుకని పై అంకెకూ పథ్యం పెట్టాలి. ఆ పథ్యం పేరు ఇతర జబ్బులు. పోయినాయనకు షుగర్ ఉందా? అయితే షుగర్. బీపీ ఉందా? బీపీ. ఏదీ లేకపోతే, మరణానికి కారణం అన్న గడిలో గుండె ఆగడం అని రాస్తే సరి. గుండె కొట్టుకుంటుండగా పోయినవాడు లేడు కాబట్టి దాన్ని ఏ ఆడిటూ తప్పుపట్టలేదు.

ఇంత శ్రద్ధగా సాగుతున్న చికిత్సను సుప్రీంకోర్టు పాడుచేసింది. మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయలు ఇవ్వాలని, పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే కోవిడ్ మరణంగానే చూడాలని తేల్చింది. అంతే, మీసేవ కేంద్రాల ముందు జనం చేరారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆర్టీపీసీఆర్ కాగితం, మరణ ధ్రువపత్రం, ఆధార్ జిరాక్సు. రెండు కాగితాల మీది తేదీల మధ్య వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ ఒకావిడ. 2022 జనవరికి తెలంగాణలో అధికారిక మరణాలు 4 వేల లోపు, దరఖాస్తులు 28 వేలకు పైన. ఆంధ్రప్రదేశ్‌లో 14 వేల చిల్లరకు 36 వేలు. గుజరాత్ ఈ రెండింటినీ మించింది, 10 వేల మరణాలకు 89 వేల దరఖాస్తులు. చావుల్లో ఇంత పొదుపు పాటించిన రాష్ట్రాల్లో దరఖాస్తులకు ఇంత దుబారా ఎలా వచ్చిందో.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత్‌లో 2020, 2021 రెండేళ్లలో మామూలుగా పోయేవారికంటే అదనంగా పోయినవారు 47 లక్షలని అంచనా కట్టింది. మన ప్రభుత్వం చూపిన కోవిడ్ మరణాలు 4.8 లక్షలు. గణిత నమూనాలు మాకొద్దు, మా జనన మరణ రిజిస్టరు పక్కాగా ఉందని ఢిల్లీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ పక్కా రిజిస్టరులో 2021 సంవత్సరం లెక్క 2025 మేలో బయటికొచ్చింది. 2020లో నమోదైన మరణాలు 81 లక్షలైతే 2021లో 1.02 కోట్లు. ఆ ఏడాది కోవిడ్ పద్దులో చూపినవి మూడు లక్షల చిల్లర. మిగిలిన పదిహేడు లక్షల పైచిలుకు పెరుగుదలకు, చావును రిజిస్టరు చేయించుకోవాలన్న పౌర బాధ్యత ఆ ఒక్క సంవత్సరమే దేశమంతటా ఉప్పొంగిందని మనం భావించాలి.