తలుపుల్లేని కాపురం

టోక్యోలో అజుమా తకమిత్సు అనే ఆర్కిటెక్టు 1966లో సొంతిల్లు కట్టుకున్నారు. స్థలం 20 చదరపు మీటర్ల చిల్లర, మన లెక్కలో పాతిక గజాలు కూడా లేదు. కింద నేలమాళిగ, పైన అయిదు అంతస్తులు. భార్యాబిడ్డలతో అందులోనే కాపురం. పేరు టవర్ హౌస్. లోపల గదులకు తలుపుల్లేవు. బాత్రూమ్‌కి కూడా!

చోటు చాలక అలా కట్టారని అల్పబుద్ధులు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఇది కుటుంబ సంస్కరణ. మొగుడి మీద కోపమొస్తే దభీమని వెయ్యడానికి తలుపేది? అలిగి పక్క గదిలోకి పోదామంటే పక్క గదే లేదు, పై గది ఉంది. మెట్లెక్కేసరికి ఆయాసమొస్తుంది, కోపం పోతుంది.

ఇంతటి సంస్కారం ఊరికే రాదు, ప్రభుత్వమూ పాటుపడాలి. జపాన్‌లో పెద్ద ఆస్తుల మీద వారసత్వపు పన్ను 55 శాతం దాకా ఉంది. తాత పోయాడని ఏడ్చిన వారసులు పన్ను లెక్క చూశాక నిజంగా ఏడుస్తారు. పెరడుతో సహా పాత ఇల్లు బిల్డరు చేతికి పోతుంది. అతను దాన్ని పుచ్చకాయలా ముక్కలు కోసి, ముక్కకో మూడంతస్తుల సన్నిల్లు నిలబెడతాడు. రోడ్డుకు 2 మీటర్లు తగిలితే చాలు, కట్టుకోమంటుంది చట్టం. అందుకని వెనక ముక్కవాడికి ఓ సందు మిగులుతుంది. అలాంటి స్థలానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు జెండాకర్ర స్థలం. జెండా ఎగరేసేంత గాలి మాత్రం అడక్కండి. గోడకీ సరిహద్దుకీ మధ్య 50 సెంటీమీటర్లు వదలాలని సివిల్ కోడ్ చెబుతోంది కదా, ఆ ఔదార్యాన్ని ఏసీ డబ్బాలూ పిల్లులూ అనుభవిస్తున్నాయి.

వ్యాపారానికైతే పెన్సిల్ బిల్డింగులు. కింద నూడుల్స్, పైన పళ్ల డాక్టరు, ఆపైన బారు. లిఫ్టులో నలుగురెక్కితే బంధుత్వం కలిసిపోతుంది.

ఈ విద్య కొత్తదేం కాదు. క్యోటోలో పాత వర్తకుల ఇళ్లను ‘పాముచేప పడక’ అంటారు. వీధి వైపు వెడల్పును బట్టి పన్ను వేసేవారని, అందుకే ముందు సన్నగా, వెనక్కి పొడుగ్గా కట్టుకున్నారని చెప్పుకుంటారు. పన్నువాడు కనబడగానే పొట్ట లోపలికి పీల్చుకున్న ఇళ్లన్నమాట.

ఒక్క ఫ్రిజ్‌తోనే చిక్కు. మెట్ల మలుపులో పట్టదు. తాళ్లు కట్టో, క్రేను పెట్టో బాల్కనీలోంచి లోపలికి దించుతారు. కింద ఇంటాయన మెడ వెనక్కి వాల్చి, రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు, జారితే పట్టుకునేలా. అది లోపలికెళ్లాక మళ్లీ బయటికెలా వస్తుందని ఎవరూ అడగరు. దాన్నీ వారసులకే వదిలేస్తారు.