సీటు దగ్గర భయపెట్టి, వీసా దగ్గర నమ్మించే సందేశం

అమెరికాలో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ (మాట, భాష ఇబ్బందులకు చికిత్స చేసే విద్య) మాస్టర్స్ చేయాలనుకునే తెలుగు విద్యార్థుల మధ్య ఒక సందేశం ఎప్పటినుంచో తిరుగుతోంది. దరఖాస్తుల కాలం రాగానే దుమ్ము దులుపుకుని మళ్లీ ఫోన్లలోకి వస్తుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: వందమంది దరఖాస్తు చేస్తే పదిమందికే సీటు. 3.8 జీపీఏ లేకపోతే రుసుము దండగ. బీటెక్ చదివినవారు డిగ్రీ మళ్లీ మొదటినుంచి చదవాలి. బీఏఎస్‌ఎల్‌పీ (ఇదే రంగంలో మన దగ్గరి డిగ్రీ) చదివినవారికి మాత్రం ఇక్కడి ఇంటర్న్‌షిప్ గంటలు అక్కడ కలిసిపోతాయి, ఏడాదిలో కోర్సు ముగుస్తుంది. తెలుగు యాస ఉంటే ఇంటర్వ్యూలోనే తిప్పి పంపుతారు. ఏదోలా చేరగలిగితే మాత్రం ఇక దిగులు లేదు, మూడేళ్ల ఓపీటీ (చదువయ్యాక అక్కడే పనిచేయడానికి అనుమతి), ఆపైన హెచ్-1బీ ఉద్యోగ వీసా ఖాయం. చివర ఒక కన్సల్టెన్సీ ఫోను నంబరు.

ఇందులో ప్రతి మాటా అబద్ధమైతే ఎవరూ నమ్మేవారు కారు. కొన్ని సగం నిజాలున్నాయి, అందుకే నిలబడింది. దీని అసలు హాని మరోచోట ఉంది: విద్యార్థి ధైర్యంగా అడుగు వేయవలసిన చోట భయపెడుతుంది, నాలుగుసార్లు ఆలోచించవలసిన చోట భుజం తడుతుంది.

మొదట సీట్ల లెక్క. ఒక విశ్వవిద్యాలయాన్ని విడిగా తీసుకుంటే వందకు పది అన్నది కొన్నిచోట్ల నిజమే కావచ్చు. కానీ దాన్నుంచి 'తొంభైమందికి సీటు రాదు' అని తేల్చడం లెక్క తెలియనివారు చేసే పని, లేదా తెలిసి భయపెట్టేవారు చేసే పని. ఊహకు పది విశ్వవిద్యాలయాలు, ఒక్కోదానిలో 30 సీట్లు ఉన్నాయనుకుందాం. 600 మంది విద్యార్థులు తలా ఐదు చోట్ల దరఖాస్తు చేశారు. మొత్తం 3,000 దరఖాస్తులు. సమానంగా పంచితే ఒక్కో చోటికి 300. ముప్ఫై సీట్లకు మూడువందలు, అంటే వందకు పది. ఇప్పుడు కాగితాలను వదిలేసి మనుషులను లెక్కపెట్టండి. సీట్లు 300, మనుషులు 600. ఇద్దరిలో ఒకరికి సీటు వస్తుంది. రెండు లెక్కలూ ఒకే ప్రవేశాల గురించి చెప్పినవే. సందేశం రాసినవారు మొదటిది మాత్రమే చూపించారు.

ఇంకొక సంగతి. మూడు చోట్ల ప్రవేశం దొరికిన విద్యార్థి చేరేది ఒక్కచోటే. ఇది తెలిసిన విశ్వవిద్యాలయాలు తమ దగ్గరున్న సీట్లకన్నా ఎక్కువమందికే ప్రవేశ లేఖలు పంపుతాయి, మిగిలినవారిని వేచి ఉండే జాబితాలో పెడతాయి. ఆ జాబితా ఏప్రిల్ 15 దగ్గర పడేకొద్దీ కదులుతుంది, ఎందుకంటే చాలాచోట్ల విద్యార్థులు తమ నిర్ణయం చెప్పడానికి అదే గడువు. ఫిబ్రవరిలో 'వెయిట్‌లిస్ట్' అన్న మెయిల్ చూసి ఆశ వదులుకున్నవారు తొందరపడినట్టే.

ఇవన్నీ ఊహించుకోవలసిన పని కూడా లేదు. ఈ వృత్తికి అమెరికాలో పెద్ద సంఘమైన ఆషా తన ఎడ్‌ఫైండ్ అన్న వెతుకులాట పేజీలో ఒక్కో కోర్సుకు ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎందరికి ప్రవేశం ఇచ్చారో, చేరినవారి జీపీఏ ఏ మేరకు ఉందో ఉచితంగా చూపిస్తుంది. గుర్తింపు పొందిన మాస్టర్స్ కోర్సులు మూడువందలకు పైనే ఉన్నాయి. అయినా మనవాళ్లలో చాలామంది బంధువులున్న ఊళ్లలోని నాలుగు పేర్లే పట్టుకుంటారు. పోటీ అక్కడే మితిమీరుతుంది.

ఇక 3.8. చాలా కోర్సులు అడిగే కనీసం 3.0. చేరినవారి సగటు అంతకన్నా బాగా పైన ఉంటుందన్నది నిజం, దాన్ని దాచనక్కర్లేదు. కానీ సగటు అంటే గేటు కాదు. సగటుకు దిగువన ఉన్నవారు కూడా చేరితేనే అది సగటు అవుతుంది. మన విద్యార్థులు చేసే అసలు పొరపాటు వేరే ఉంది. 65 శాతాన్ని నాలుగుతో గుణించి వందతో భాగించి, తమ జీపీఏ 2.6 అని తామే తీర్పు చెప్పుకుంటారు. మార్కులను అలా మార్చరు. డబ్ల్యూఈఎస్ వంటి సంస్థలు ఒక్కో సబ్జెక్టునూ తీసుకుని, మన విశ్వవిద్యాలయం గ్రేడింగు ఎంత కఠినమో చూసి మారుస్తాయి. మన దగ్గర ప్రథమ శ్రేణి అంటే ఏమిటో వారికి తెలుసు. ఆ నివేదిక చేతికి రాకముందే ఆశ వదులుకోవడంలో అర్థం లేదు.

జీపీఏ విషయంలో నిజంగా జాగ్రత్త పడవలసింది బ్యాక్‌లాగ్స్ ఉన్నవారు. చాలా కోర్సులకు దరఖాస్తులు వెళ్లే ఉమ్మడి వేదిక సీఎస్‌డీకాస్. ఒక సబ్జెక్టును రెండుసార్లు రాస్తే అది రెండు ప్రయత్నాలనూ లెక్కలోకి తీసుకుంటుంది. పాత మార్కును కొత్త మార్కు తుడిచేయదు. సందేశంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. జీఆర్ఈ గురించీ లేదు. 2020 తర్వాత చాలా కోర్సులు ఆ పరీక్షను ఎత్తేశాయి. ముందు తమ జాబితాలోని కోర్సులు అడుగుతున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే కోచింగ్‌కు డబ్బు కట్టాలి.

'బీటెక్ చదివినవారు డిగ్రీ మళ్లీ చదవాలి.' అక్కర్లేదు. మరో రంగంనుంచి వచ్చేవారిని చేర్చుకునే కోర్సులు చాలానే ఉన్నాయి. వారు ముందుగా కొన్ని పునాది సబ్జెక్టులు పూర్తిచేయాలి: ధ్వనిశాస్త్రం, మాటకూ వినికిడికీ సంబంధించిన శరీర నిర్మాణం, పిల్లల్లో భాష ఎదుగుదల, ఆడియాలజీ పరిచయం వంటివి. కొన్ని విశ్వవిద్యాలయాలు వీటిని ఆన్‌లైన్‌లో చెబుతాయి, మరికొన్ని మాస్టర్స్‌కు ముందు అదనంగా ఒక ఏడాది చేర్చి చెబుతాయి. నాలుగేళ్ల డిగ్రీకీ దీనికీ పోలికే లేదు.

వీటితోపాటు ఆషా ఇచ్చే వృత్తి సర్టిఫికేషన్‌కు నాలుగు కళాశాల స్థాయి సబ్జెక్టులు కావాలి: జీవశాస్త్రం, భౌతిక లేదా రసాయన శాస్త్రం, గణాంక శాస్త్రం, సామాజిక లేదా ప్రవర్తనా శాస్త్రం. ఎంపీసీ నుంచి ఇంజినీరింగ్‌కు వెళ్లినవారు భౌతిక శాస్త్రం చదివే ఉంటారు, ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపరు రాసే ఉంటారు. దొరకనిది జీవశాస్త్రం. అది కూడా మనుషులకో జంతువులకో సంబంధించినదై ఉండాలి, వృక్షశాస్త్రం పనికిరాదు. బైపీసీవారు ఇంటర్‌లో చదివిన జువాలజీని చూపిద్దామనుకుంటారు, అది కళాశాల స్థాయి కిందికి రాదు. ఒక్క సెమిస్టరులో తీరిపోయే లోటు ఇది. ముందే తెలియాలి, అంతే.

బీఏఎస్‌ఎల్‌పీ వారికి ఇచ్చిన తాయిలం మాత్రం నన్ను ఎక్కువగా చికాకు పెట్టింది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలోనో, అలీ యావర్ జంగ్ సంస్థ సికింద్రాబాద్ కేంద్రంలోనో చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్‌లో రోజూ రోగులను చూసినవారికి చేతిలో నైపుణ్యం ఉంది. ఆ అనుభవానికి దరఖాస్తులో విలువ ఉంది, క్లినిక్‌లో మొదటిరోజే అది కనిపిస్తుంది. కానీ గంటల లెక్క వేరు. ఆషా సర్టిఫికేషన్‌కు 400 క్లినికల్ గంటలు కావాలి. అందులో 25 పరిశీలనవి, 375 స్వయంగా పనిచేసినవి. ఆ 375లో కనీసం 325 గుర్తింపు పొందిన మాస్టర్స్ కోర్సులో ఉండగానే పూర్తిచేయాలి. అంటే డిగ్రీలో వెయ్యి గంటలు చేసినా ఇక్కడ కలిసేది యాభైకి మించదు. కోర్సు పూర్తికాల విద్యార్థులకు మామూలుగా రెండేళ్లు. ఇంటర్న్‌షిప్ పత్రం చూపినంత మాత్రాన అది ఏడాది కాదు. గణాంక శాస్త్రాన్ని పరిశోధనా పద్ధతులతో కలిపి ఒకే పేపరుగా చదివినవారు ఇంకొకటి గమనించాలి: ఆషా అడిగేది విడి సబ్జెక్టుగా చదివిన గణాంక శాస్త్రం. ఆ పేపరు సరిపోతుందో లేదో చేరబోయే విశ్వవిద్యాలయాన్నే అడగాలి.

ఇదే ఊపులో కొందరు 'మన డిగ్రీకి అక్కడ నేరుగా గుర్తింపు ఉంది' అని కూడా చేరుస్తున్నారు. ఆషాకు పరస్పర గుర్తింపు ఒప్పందం ఉన్నది కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల సంఘాలతో. భారత్ అందులో లేదు.

యాస గురించిన మాటకు సూటిగా జవాబు చెప్పాలి. యాస ఉన్నంత మాత్రాన విద్యార్థులు ఈ వృత్తికి పనికిరారనకూడదని ఆషా 1998లోనే అధికారికంగా ప్రకటించింది. చూడవలసింది ఇతర సామర్థ్యాలు: ఒక ధ్వనిని సరిగా పలికి చూపగలరా, రోగి చేసే తప్పును చెవితో పట్టగలరా, నివేదిక స్పష్టంగా రాయగలరా. తెలుగులో 'వ' ఒక్కటే, ఆంగ్లంలో దాని చోట రెండు ధ్వనులు. మన ఇళ్లలో పెరిగిన పిల్లలు ఆ రెంటినీ కలిపేస్తారు, పదాల చివర అచ్చు చేరుస్తారు. అది లోపం కాదని, ఇంటి భాష నీడ అని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బడిలో కూర్చుని చెప్పగలిగేది ఆ భాష తెలిసిన థెరపిస్టే. ప్రత్యేక విద్యకు సంబంధించిన అమెరికా చట్టం కూడా వీలైనంతవరకు పిల్లల సొంత భాషలోనే పరీక్షించాలంటుంది. కాబట్టి ఎస్‌ఓపీలో (దరఖాస్తుతో పంపే స్వీయ పరిచయ వ్యాసంలో) తెలుగును దాచుకోవలసిన అవసరం లేదు. టోఫెల్ మార్కుల సంగతి వేరు. వాటిని ఈ విభాగాలు తరచుగా మిగతా విభాగాలకన్నా ఎక్కువే అడుగుతాయి, అక్కడ రాజీ ఉండదు.

ఇప్పుడు భుజం తట్టిన చోటికి వద్దాం. మూడేళ్ల ఓపీటీ స్టెమ్ (సైన్సు, సాంకేతికత, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న డిగ్రీలకే. స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ ఆ జాబితాలో లేదు. ఆరోగ్య రంగమైతే చాలు స్టెమ్ కిందికి వస్తుందన్నది ఎవరో పుట్టించిన మాట. ఉండేది 12 నెలలు.

ఆ పన్నెండు నెలల్లో ఏమేమి ఇరికించాలో చూడండి. మాస్టర్స్ తర్వాత పూర్తి సర్టిఫికేషన్ రావాలంటే క్లినికల్ ఫెలోషిప్ చేయాలి: కనీసం 36 వారాలు, 1,260 గంటలు, ఒక సీనియర్ పర్యవేక్షణలో. ఏడాదికి 52 వారాలు, కాబట్టి మిగిలేది 16. చాలా రాష్ట్రాల్లో తాత్కాలిక లైసెన్సు చేతికి రానిదే ఫెలోషిప్ మొదలుపెట్టనివ్వరు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో దరఖాస్తు, ఒక్కో వేగం. మరోవైపు ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. లైసెన్సు ఆలస్యమైతే ఈ రెండు గడియారాలూ ఒకేసారి నడుస్తాయి. అందుకే ఈ వృత్తికి రాయవలసిన ప్రాక్సిస్ పరీక్షను చివరి సెమిస్టరులోనే రాయడం, ఏ రాష్ట్రంలో పనిచేయాలో పట్టా రాకముందే తేల్చుకోవడం విదేశీ విద్యార్థికి అత్యవసరం.

హెచ్-1బీ మాటకొస్తే, దానికి పేర్ల నమోదు ఏటా మార్చిలో. స్టెమ్ జాబితాలోని కంప్యూటర్ సైన్స్ చదివిన మిత్రుడికి మూడు మార్చి నెలల్లో మూడుసార్లు పేరు నమోదు చేసుకునే వీలుంటుంది. మే నెలలో పట్టా తీసుకున్న స్పీచ్ విద్యార్థికి మామూలుగా దొరికేది ఒక్క మార్చి. ఏటా ఉన్న 85,000 వీసాలకు పేర్లు అంతకన్నా ఎంతో ఎక్కువ వస్తాయి. ఆ పరిమితి లేనివి విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు. కానీ ఈ వృత్తిలో దాదాపు సగంమంది పనిచేసేది బడుల్లో, బడులకు చాలావరకు ఆ మినహాయింపు లేదు. పైగా ఈ వృత్తిలో విదేశీయులకు వీసా ఇవ్వాలంటే విసాస్క్రీన్ అన్న ఆరోగ్య సిబ్బంది ధ్రువపత్రం కూడా కావాలి. 'ఖాయం' అన్న మాటకు ఇందులో ఎక్కడా చోటు లేదు. ఇవన్నీ చూసి కూడా వెళ్లేవారు వెళ్లవచ్చు, వెళ్లి స్థిరపడ్డవారూ ఉన్నారు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకునే ముందు తల్లిదండ్రులకు ఈ ఒక్క మార్చి సంగతి చెప్పి తీరాలి.

ఇప్పటికే హెచ్-4 (హెచ్-1బీవారి కుటుంబానికిచ్చే వీసా) మీద అక్కడ ఉన్న గృహిణుల లెక్క వేరు. వారు చదువుకోవచ్చు, ఎఫ్-1 విద్యార్థికి కుదరని పూర్తి ఆన్‌లైన్ మాస్టర్స్ కూడా వారికి కుదురుతుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. క్లినికల్ ఫెలోషిప్ జీతమిచ్చే ఉద్యోగం. దానికి పని అనుమతి పత్రం కావాలి. ఆ పత్రం హెచ్-4 మీద ఉన్న అందరికీ రాదు, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం నడిచి ఉండాలి. దాన్ని చూసుకుని చేరే ఏడాది ఎంచుకుంటే పట్టా చేతికొచ్చాక ఇంట్లో కూర్చోవలసిన పని ఉండదు.

చివరి ఫోను నంబరు సంగతి. కన్సల్టెన్సీలు కొన్ని 'ఎస్‌ఓపీ, సిఫారసు లేఖలు అన్నీ మేమే చూసుకుంటాం' అంటాయి. సీఎస్‌డీకాస్‌లో సిఫారసు లేఖ విద్యార్థి చేతిమీదుగా వెళ్లదు. ఆచార్యుల ఈమెయిల్‌కు లింకు వెళుతుంది, వారే నేరుగా ఎక్కిస్తారు. ఆచార్యుల పేరుతో మరెవరో మెయిల్ తెరిచి లేఖ పెడితే అది ఫోర్జరీ. బయటపడితే పోయేది కన్సల్టెన్సీ పేరు కాదు, విద్యార్థి భవిష్యత్తు. ఎస్‌ఓపీని అద్దెకు రాయించుకున్నవారు ఇంటర్వ్యూలో 'మీరు రాసిన ఆ బాబు కేసు గురించి చెప్పండి' అనగానే దొరికిపోతారు. పోర్టల్ అక్కడి వేసవిలోనే తెరుచుకుంటుంది, గడువులు ఎక్కువగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉంటాయి, మార్కుల మార్పిడి నివేదికకు వారాలు పడుతుంది. మన కళాశాలల్లో ట్రాన్స్‌క్రిప్టులు తీయించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో చదివినవారికి నేను చెప్పనక్కర్లేదు. ఆచార్యులను ఆగస్టులోనే అడగండి.